మన్రో దొర గుర్రం, మన్రో గంగాళం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది అడిగింది ఒకే మనిషి గురించి. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, కాళహస్తి, నాలుగు దిక్కుల నుంచి సర్ థామస్ మన్రో మీదే ప్రశ్నలు, అందుకని ఈ వారం శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేసినాం, మిగతా ప్రశ్నలు వచ్చే సంచికలో చూద్దాం.

ప్రశ్న: సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై పోయి సెంట్రల్ దగ్గర దిగి ఆటోలో మౌంట్ రోడ్డు వైపు పోతా ఉంటే రోడ్డు మధ్యలో ఎత్తు దిమ్మె మీద గుర్రం ఎక్కిన పెద్ద విగ్రహం కనిపించింది సార్. గుర్రానికి జీను లేదు, కాళ్ళు పెట్టుకునే రికాబులు కూడా లేవు. చెక్కినాయన మర్చిపోయి తర్వాత గుర్తొచ్చి ఉరేసుకున్నాడని ఆటో అన్న చెప్పినాడు. నిజమేనా? తిరుమలలో మన్రో గంగాళం అంటారే, ఆ మన్రో ఈయనేనా? (డిగ్రీ విద్యార్థి, తిరుపతి)

జవాబు: ఈయనే తమ్ముడూ, ఇద్దరూ ఒకటే. ఉరేసుకున్న కథ మాత్రం పూర్తిగా అబద్ధం. చెన్నైలో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది, ఆ ఆటో అన్న తప్పేం లేదు, ఆయనకీ ఎవరో చెప్పే ఉంటారు.

విగ్రహం చేసింది ఫ్రాన్సిస్ చాంట్రీ అని ఇంగ్లాండులో ఆ కాలానికి చాలా పేరున్న శిల్పి. పోత పోసిన కంచు విగ్రహం, అక్కడే తయారై ఓడలో మద్రాసుకొచ్చింది, 1839లో నిలబెట్టినారు. చాంట్రీ చనిపోయింది 1841లో, అదీ గుండె జబ్బుతో హఠాత్తుగా, ఉరీ లేదు ఏమీ లేదు. ఇంకో సంగతి చూడు, లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నాలుగో జార్జి రాజు విగ్రహం ఉంది, అదీ చాంట్రీదే, దానికీ జీను లేదు, రికాబులు లేవు. అదే ఊర్లో రాయల్ ఎక్స్ఛేంజ్ ముందర డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ విగ్రహం కూడా ఆయన మొదలుపెట్టిందే, ఆయన పోయినాక శిష్యుడు పూర్తి చేస్తే 1844లో పెట్టినారు, దానికీ రికాబులు లేవు. మూడు విగ్రహాలకీ మూడుసార్లు మర్చిపోతాడా ఎవరైనా? పాతకాలం రోమ్, గ్రీకు శిల్పాల్లో గుర్రం మీద మనిషి అట్లే కూర్చుంటాడు, ఆ పద్ధతి ఈయనకి ఇష్టం, కావాలనే చేసినాడు.

ఇక మనిషి గురించి. 1761లో స్కాట్లాండులో గ్లాస్గోలో పుట్టినాడు. 1780లో ఈస్టిండియా కంపెనీ పటాలంలో కేడెట్‌గా మద్రాసులో దిగేటప్పటికి ఇంకా 19 కూడా నిండలేదు, అంటే దాదాపు నీ వయసే. దిగిన ఏడాదే హైదరాలీతో యుద్ధం వచ్చింది, అందులో ఉన్నాడు. తర్వాత టిప్పుతో జరిగిన యుద్ధంలో ఉన్నాడు. ఆ తర్వాత బారామహల్‌లో, అంటే ఇప్పటి సేలం, కృష్ణగిరి, ధర్మపురి వైపు, కెప్టెన్ రీడ్ కింద భూమి శిస్తు పని నేర్చుకున్నాడు. అక్కణ్ణుంచి కెనరా (ఇప్పటి కర్ణాటక తీరం వైపు), 1800లో దత్తమండలాలకు, అంటే నిజాం కంపెనీకి ఇచ్చేసిన బళ్ళారి, కడప వైపు సీమకు, ప్రిన్సిపల్ కలెక్టర్, 1817-18లో మరాఠా యుద్ధంలో మళ్ళీ కత్తి పట్టినాడు, 1820 నుంచి 1827లో చనిపోయేదాకా మద్రాసు గవర్నర్. మేజర్ జనరల్ హోదా ఉన్న సైనికుడు కాబట్టి విగ్రహం ఆ యూనిఫాంలోనే ఉంటుంది, కానీ ఆయన పేరు ఇన్నేళ్ళు నిలబడింది మాత్రం యుద్ధాల వల్ల కాదు, రైతు దగ్గరే నేరుగా తీసుకునే రైతువారీ శిస్తు వల్ల. ఆయన పోయినాక మద్రాసులో సభ పెట్టి, తెల్లవాళ్ళూ మనవాళ్ళూ చందాలేసుకుంటే వచ్చిన డబ్బుతో చేయించిన విగ్రహం అది.

ప్రశ్న: మన్రో దొరకి కడుపునొప్పి వచ్చి ఏ మందుకీ తగ్గక, శ్రీవారి పొంగలి ప్రసాదం తింటే తగ్గిందని, అందుకే గంగాళం ఇచ్చినాడని మా అవ్వ చెప్పేది. ఇది ఎంతవరకు నిజం? ఆయన తిరుపతికి కలెక్టర్‌గా చేసినాడా? (గృహిణి, చంద్రగిరి)

జవాబు: అమ్మా, రెండో ప్రశ్న నుంచి వస్తాను, అది తేలితే మొదటిది అర్థమవుతుంది.

తిరుపతికి మన్రో ఎప్పుడూ కలెక్టర్ కాదు. చాలామంది ఇక్కడే తికమక పడతారు, మన రాయలసీమ అంతా ఆయన కలెక్టర్‌గిరీ కింద ఉండేదని అనుకుంటారు. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసింది బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత, వీటినే దత్తమండలాలు అన్నారు, మన్రో కలెక్టర్ అయింది వీటికి. తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ఆర్కాటు నవాబు కింద ఉండేవి, 1801లో నవాబు నుంచి కంపెనీకి వచ్చినాయి, అదంతా నార్త్ ఆర్కాట్ జిల్లా అయింది, దానికి వేరే కలెక్టర్. చిత్తూరు జిల్లా అని పేరు పెట్టి విడగొట్టింది 1911లోనే.

కొండ మీద గుడి పెత్తనం కూడా 1801లోనే కంపెనీ చేతికి పోయింది. అంతకు ముందు నవాబు గుడి రాబడిని గుత్తకిచ్చేవాడు, గుత్తదారు వీలైనంత పిండుకునేవాడు, కంపెనీ వచ్చినాక కలెక్టర్ చూసేవాడు, ఖర్చులు పోను మిగిలిన డబ్బు కంపెనీ ఖజానాకి పోయేది. భక్తులు వేసిన కానుకలు ఒక వ్యాపార కంపెనీ ఖజానాకి పోయినాయి అన్నది మాత్రం మనం మర్చిపోకూడదు. 1821లో బ్రూస్ కోడ్ అని గుడి నిర్వహణకి రూల్సు రాసినారు, ఎవరెవరికి ఏ హక్కు, ఏ పద్ధతి అని. అప్పుడు మద్రాసు గవర్నర్ ఎవరనుకున్నారు, మన్రోనే. 1843లో కంపెనీ పక్కకి తప్పుకుని హాథీరాంజీ మఠం మహంతులకి అప్పజెప్పింది, 1933లో టీటీడీ వచ్చింది. కాబట్టి కొండతో మన్రోకి అధికారికంగా సంబంధం ఉన్నది గవర్నర్‌గా ఉన్న ఆ ఏడేళ్ళలో.

గంగాళం మాట వస్తే, శ్రీవారి నైవేద్యానికి పెద్ద పాత్ర సమర్పించి, అది రోజూ సాగడానికి చిత్తూరు తాలూకాలో ఒక ఊరి రాబడి రాసిచ్చినాడని చెప్తారు. ఆ పేరుతోనే నైవేద్యం పోటులో (గుడి వంటశాలలో) తయారై స్వామికి పోతా ఉంది, అర్చకుల నోట ఇప్పటికీ మన్రో గంగాళం అన్న మాట వింటాం. మీ అవ్వ చెప్పిన కడుపునొప్పి కథ మన ప్రాంతమంతా ఉన్నదే, ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా చెప్తారు. కొందరు మిరియాల పొంగలి అంటారు, కొందరు కొండ ఎక్కకుండా కిందనుంచే దండం పెట్టుకున్నాడంటారు. కథని కథగానే ఉంచి మీ పిల్లలకి తప్పకుండా చెప్పండి, నేను వద్దనను, కానీ దాన్ని చరిత్ర పాఠంగా మాత్రం చెప్పొద్దు.

ఎందుకంటే మన్రో చుట్టూ ఇట్లాంటి కథలు ఇదొక్కటే కాదు. మంత్రాలయంలో మఠం భూముల సంగతి తేల్చడానికి పోతే బృందావనం నుంచి రాఘవేంద్రస్వామి వచ్చి ఆయనతో మాట్లాడినారని, పక్కనున్నవాళ్ళకి స్వామి కనపడలేదు, వినపడలేదు అని చెప్తారు, స్వామి బృందావన ప్రవేశం 1671లో, అంటే అప్పటికి దాదాపు 130 ఏళ్ళు. కడప జిల్లా గండి దగ్గర పాపఘ్ని లోయకి అడ్డంగా కట్టిన బంగారు తోరణం కనిపించిందని, అది కనపడితే ఎక్కువ కాలం బతకరని, అట్లే చనిపోయినాడని ఇంకో కథ. అనంతపురం, కడప వైపు పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉండేవాళ్ళు, మాండవ ఋషి అవతారం అన్నవాళ్ళు కూడా ఉన్నారు. నాకు వీటిలో ముఖ్యంగా కనిపించేది ఏంటంటే, జనం ఒక అధికారిని ఇంతగా గుర్తుపెట్టుకున్నారంటే, ఆయన ఊరూరా గుడారం వేసుకుని తిరిగి, వాళ్ళ భాషలో వాళ్ళతో మాట్లాడి, చెప్పింది విన్నాడని. తెలుగు, కన్నడం వచ్చు ఆయనకి. మద్రాసు కోటలో కూర్చుని సంతకాలు పెట్టే దొరల్ని చూసిన జనానికి అది పెద్ద తేడానే.

ప్రశ్న: మన పాలెగాళ్ళని అణిచినవాడు, రైతుల నుంచి శిస్తు పిండినవాడు. అట్లాంటి తెల్ల సైనికాధికారి విగ్రహం స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్ళయినా నడిరోడ్డులో ఎందుకుండాలి? మీ పత్రిక కూడా ఆయన్ని పొగుడుతుందా? (రిటైర్డ్ టీచర్, మదనపల్లె)

జవాబు: మాస్టారూ, మీ కోపంలో న్యాయం ఉంది, పైగా ఈ ప్రశ్న అడిగే హక్కు తిరుపతివాళ్ళ కన్నా మీకే ఎక్కువ, మీ మదనపల్లె అప్పట్లో కడప సీమలో భాగం, 1911లో గానీ చిత్తూరు జిల్లాలోకి రాలేదు, అంటే మీ ముత్తాతల ముత్తాతల శిస్తు లెక్క రాసింది నేరుగా మన్రో కచేరీనే.

దత్తమండలాల్లో ఆయన దిగేటప్పటికి 80 మంది దాకా పాలెగాళ్ళు ఉన్నారు. జనరల్ డుగాల్డ్ కాంప్‌బెల్ పటాలాన్ని వెంటబెట్టుకుని ఒక్కొక్కర్ని లొంగదీసినారు, కోటలు పోయినాయి, ఆయుధాలు పోయినాయి, చాలామందికి పింఛను మాత్రం మిగిలింది. ఆ పింఛన్ల గొడవే తర్వాత 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు దాకా వచ్చింది. పాలెగాళ్ళందరూ జనాన్ని చల్లగా చూసుకున్నారని నేను చెప్పను, పక్క ఊరి మీద పడి దోచుకున్నవాళ్ళూ ఉన్నారు, కానీ వాళ్ళ స్థానంలో వచ్చింది వేల మైళ్ళ అవతల వాటాదార్లకి లాభం చూపాల్సిన కంపెనీ, అది మర్చిపోతే ఎట్లా.

శిస్తు దగ్గరికొద్దాం, ఇదే అసలు విషయం. జమీందారు, గుత్తదారు లాంటి మధ్యవాళ్ళు లేకుండా ప్రభుత్వం నేరుగా రైతు పేరున పట్టా ఇచ్చి, ఏటా జమాబందీ చేసి, అంటే శిస్తు లెక్క తేల్చి, నేరుగా ఆయన దగ్గరే శిస్తు తీసుకోవడం, ఇదీ రైతువారీ. బెంగాల్‌లో కార్న్‌వాలిస్ పెట్టిన జమీందారీ పద్ధతికి పూర్తిగా ఎదురు. మన్రో 1802 నుంచి అయిదేళ్ళు పట్టి దత్తమండలాల భూమంతా కొలిపించి, నేల రకాన్ని బట్టి రేట్లు కట్టించినాడు. మన తాతల ఇనప్పెట్టెల్లో పట్టా కాగితం అంత భద్రంగా ఉండడానికి మూలం అక్కడుంది. భూమి ఎవరు దున్నుతున్నారో వాళ్ళ పేరు కాగితం మీదికెక్కడం చిన్న విషయం కాదు, ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్నా.

కానీ రేటు చూడండి, పంటలో దాదాపు సగం. వర్షం మీద బతికే మెట్ట సీమలో సగం ఇచ్చినాక రైతుకి ఏం మిగులుతుంది? ఈ మాట మన్రోకే తెలుసు. 1807లో కలెక్టర్ ఉద్యోగం వదిలి ఇంగ్లాండు పోయే ముందు పైవాళ్ళకి రాసినాడు, శిస్తు 25 శాతం తగ్గించండి, బావుల కింద సాగయ్యే నేలకి ఇంకో 8 శాతం తగ్గించండి, సర్కారు వాటా మూడో వంతుకి దిగితే గానీ రైతు నిలబడడు అని. పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోగా ఆయన పద్ధతినే పక్కనపెట్టి ఊళ్ళకి ఊళ్ళు గుత్తకిచ్చినారు, ముందు మూడేళ్ళకి, తర్వాత పదేళ్ళకి, దాంతో ఎన్నో ఊళ్ళు దెబ్బతిన్నాయి. ఆయనే గవర్నర్ అయి తిరిగొచ్చినాక 1820లో రైతువారీ మళ్ళీ మొదలై ఆ తగ్గింపు అమలైంది. అంటే ఆ మధ్య పదమూడేళ్ళు మన రైతులు ఎక్కువే కట్టినారన్నమాట. ఆయన పోయినాక కూడా కథ బాగుపడలేదు, శిస్తు వసూలు కోసం రైతుల్ని హింసించడం జరుగుతున్నదని 1855లో మద్రాసు టార్చర్ కమిషన్ అని ప్రభుత్వం వేసుకున్న కమిషనే తేల్చి చెప్పింది. రైతువారీని పొగిడేవాళ్ళు ఆ రిపోర్టు సంగతి ఎత్తరు.

విగ్రహం తీసేయాలా వద్దా అంటే, అదే మౌంట్ రోడ్డులో ఇంకో విగ్రహం ఉండేది మాస్టారూ, కర్నల్ జేమ్స్ నీల్ అని. మద్రాసు ఫ్యూజిలీర్స్ పటాలం నడిపినవాడు, 1857 తిరుగుబాటులో అలహాబాదులో విచారణ లేకుండా జనాన్ని ఉరి తీయించినాడు, కాన్పూరులో పట్టుబడినవాళ్ళ చేత నేల మీది రక్తం నాకించి తర్వాత ఉరేసినాడు, అదే ఏడాది సెప్టెంబరులో లక్నోలో తుపాకి గుండుకి చచ్చినాడు. అట్లాంటివాడికి మద్రాసులో విగ్రహం పెట్టినారు. 1927లో దాన్ని తీసేయాలని సత్యాగ్రహం జరిగింది, కుర్రాళ్ళు వరసగా పోయి జైళ్ళు నింపినారు, గాంధీగారు కూడా మద్దతిచ్చినారు. ఆఖరికి 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చినాక ఆ విగ్రహాన్ని ఎత్తి ఎగ్మూరు మ్యూజియంలో పెట్టించినారు. మన చిత్తూరు జిల్లా కూడా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కాబట్టి ఆ గెలుపు మనది కూడా.

ఇక్కడే నాకు సమాధానం దొరుకుతుంది. నీల్ విగ్రహాన్ని తీయించిన అదే జనం, అంత పట్టుదల ఉన్న జనం, కొంత దూరంలోనే ఉన్న మన్రో జోలికి పోలేదు. ఇద్దరూ తెల్లవాళ్ళే, ఇద్దరూ కంపెనీ సైనికాధికారులే, అయినా తేడా వాళ్ళకి స్పష్టంగా కనపడింది. ఒకడు చంపినందుకు విగ్రహమైనాడు, ఇంకొకాయన ఏలినందుకు. 1824లో మన్రో ఒక మినిట్, అంటే ప్రభుత్వ రికార్డులో పెట్టే అభిప్రాయ పత్రం, రాసినాడు, ఈ దేశస్థులకి పెద్ద ఉద్యోగాలు ఇవ్వకుండా దూరంగా పెడితే వాళ్ళ వ్యక్తిత్వం దెబ్బతింటుందని, ఎప్పటికో ఒకప్పటికి వాళ్ళు తమని తాము పాలించుకునే స్థితికి వచ్చినప్పుడు మనం తప్పుకోవాలని. 1822లో జిల్లా కలెక్టర్లందరికీ ఉత్తరువిచ్చి వీధి బడుల లెక్క తీయించినాడు, మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు తేలినాయి, ఇంగ్లీషువాళ్ళు రాకముందు మనకి చదువే లేదు అనేవాళ్ళకి చూపించడానికి ఈరోజు మన చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం ఆ లెక్కే. మీరు టీచర్ కాబట్టి ఇది మీకు నచ్చుతుందనుకుంటా.

నా అభిప్రాయం అడిగితే విగ్రహం ఉండనీండి, కానీ దిమ్మె దగ్గర తమిళంలో, తెలుగులో ఒక పెద్ద బోర్డు పెట్టాలి. పట్టా సంగతి, పాలెగాళ్ళ సంగతి, సగం పంట శిస్తు సంగతి, మూడూ రాయాలి. ఇప్పుడక్కడ పోయే పిల్లలకి జీను లేని గుర్రం కథ తప్ప ఇంకేం తెలియడం లేదు, మొదటి ప్రశ్న అడిగిన తమ్ముడే సాక్ష్యం.

ప్రశ్న: మన్రోతో యుద్ధం చేసిన హైదరాలీ మన చిత్తూరు దగ్గరే చనిపోయినాడంటారు కదా, నిజమేనా? (బట్టల వ్యాపారి, చిత్తూరు)

జవాబు: నిజమే అన్నా. 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో వేసిన శిబిరంలో. వీపు మీద రాచపుండు లేచి తగ్గలేదు. కొడుకు టిప్పు అప్పుడు మలబారు తీరంలో ఉన్నాడు, ఆయన వచ్చేదాకా సైన్యానికి తెలియకుండా మంత్రులు దాచిపెట్టినారు, శవాన్ని సుగంధ ద్రవ్యాలతో పెట్టెలో పెట్టి ఖజానా పెట్టె పోతున్నట్టు పంపించినారు, ముందు కోలారుకి, తర్వాత శ్రీరంగపట్నంలో గుంబజ్ అనే సమాధి మందిరానికి.

మన్రో అప్పటికి రెండేళ్ళ సర్వీసున్న చిన్న సైనికుడు, ఆయనేదో హైదరాలీకి ఎదురు నిలబడి యుద్ధం చేసినాడని అనుకోవద్దు. 1780 సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ పటాలాన్ని హైదర్, టిప్పు తుడిచిపెట్టేసినప్పుడు, కాస్త దూరంలో కంచిలో ఆగిపోయిన ఇంకో దళంలో ఈయన ఉన్నాడు. దాని సేనాపతి పేరు కూడా మన్రోనే, హెక్టర్ మన్రో, ఇద్దరికీ చుట్టరికం లేదు, పేర్లు చూసి చాలామంది కలిపేస్తారు. ఒక్క మాట చెప్పాలి, తెల్లవాళ్ళు తమ ఆఫీసర్లకి ఊరూరా రాళ్ళు పాతి పేర్లు చెక్కించుకున్నారు, దక్షిణాదిలో కంపెనీని గడగడలాడించిన హైదరాలీ ప్రాణం వదిలిన చోటు మన జిల్లాలో ఉందని మన స్కూలు పిల్లల్లో ఎంతమందికి తెలుసు? చిత్తూరు స్కూళ్ళవాళ్ళు ఏటా డిసెంబరు 7న పిల్లల్ని అక్కడికి తీసుకుపోతే బాగుంటుంది.

ప్రశ్న: చెన్నై విగ్రహం కాకుండా మన్రోకి ఇంకెక్కడైనా గుర్తులున్నాయా? ఎట్లా పోవాలి? (శ్రీకాళహస్తి పాఠకురాలు)

జవాబు: ఉన్నాయమ్మా. ఉద్యోగం ముగించుకుని దేశం పోయేముందు తనకి ఇష్టమైన దత్తమండలాలు ఒకసారి చూసి పోదామని బయల్దేరినాడు, భార్య అప్పటికే ఇంగ్లాండు చేరింది. దారిలో కలరా తగులుకుని 1827 జూలై 6న పత్తికొండలో చనిపోయినాడు. అక్కడ ఆయన పేరున తోపు వేసి బావి తవ్వించినారు. శవాన్ని గుత్తికి తెచ్చి కోట కింద సమాధి చేసినారు, తర్వాత 1831లో అస్థికలు మద్రాసు తీసుకుపోయి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో పెట్టినారు. నన్నడిగితే కంచు గుర్రం కన్నా, వచ్చే పోయేవాళ్ళకి నీడ, నీళ్ళు ఇచ్చే పత్తికొండ తోపు, బావిలోనే మర్యాద ఎక్కువ.

మీరు రేణిగుంటకొచ్చి కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి మీదుగా పోయే రైలెక్కితే గుత్తిలో దిగొచ్చు, కోట చూసుకుని అక్కడి నుంచి రోడ్డు మార్గంలో పత్తికొండ పోవచ్చు. గుత్తి కోట ఎక్కేది బాగా కష్టం, ఎండాకాలం వద్దు, పెద్దవాళ్ళు కూడా ఉంటే వాళ్ళని కిందనే ఉండమనండి, నీళ్ళ సీసాలు మాత్రం మర్చిపోవద్దు. చెన్నై పోతే సెయింట్ మేరీస్ చర్చి జార్జి కోట లోపల ఉంటుంది, గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది కాబట్టి గుర్తింపు కార్డు పెట్టుకోండి.